రోమనుల మురుగుకాలువ చెప్పే పాఠం

దూడ కడుపు జారి, వెంట్రుక బిరుసెక్కి, తాగిన పాలు ఒంటబట్టకపోతే మనం ఏం చేస్తాం? కాస్త పేడ ఆకులో చుట్టుకొని పశువుల ఆసుపత్రికి వెళతాం. డాక్టరుగారు ఆ పేడను నీళ్లలో కలిపి, వడగట్టి, ఒక చుక్కను గాజుపలక మీద వేసి మైక్రోస్కోపులో చూస్తారు. "నట్టలున్నాయి, మందు తాగించాలి" అంటారు. ఆయనకు కనిపించింది నట్ట కాదు, నట్ట పెట్టిన గుడ్డు. నట్ట దూడ పేగులోనే ఉండిపోతుంది. గుడ్డు మాత్రం పేడతోపాటు బయటికి వస్తుంది.

ఇంచుమించు ఇదే పరీక్షను పద్దెనిమిది వందల ఏళ్ల కిందటి మురుగుమట్టి మీద చేసేవారున్నారు. పాతకాలపు మనుషుల కడుపులో, పశువుల కడుపులో ఏయే పురుగులు ఉండేవో వెతికి తెలుసుకోవడం వారి పని. పాడి రైతుకు దీనితో ఏమి సంబంధమని సభ్యులు అడగవచ్చు. సంబంధం ఉంది. రెండు వేల ఏళ్ల కిందట రోమనులు ఐరోపాలోనూ, మధ్యధరా సముద్రం చుట్టూ ఉన్న దేశాలలోనూ మరుగుదొడ్లు, మురుగుకాలువలు, స్నానశాలలు కట్టారు. కొండల నుంచి రాతి కాలువల మీదుగా ఊళ్లకు మంచినీరు తెచ్చారు. అయినా వారి కడుపులో పురుగులు తగ్గలేదు. ఇంత కట్టినా ఎందుకు తగ్గలేదన్నదే ఈ నెల మన పాఠం.

గుడ్డు ఎలా మిగిలింది?

మనిషి పేగులో ఉండే ఏలికపాము జానెడు పొడవు, ఒక్కోసారి అంతకు మించి ఉంటుంది. మనిషి చనిపోతే అదీ చనిపోయి కుళ్లిపోతుంది. కాని ఆడ ఏలికపాము రోజుకు సుమారు రెండు లక్షల గుడ్లు పెడుతుంది. ఒక్కొక్క గుడ్డు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు ఉంటుంది. దాని పెంకు మందంగా, గట్టిగా ఉంటుంది. పేగులోని జీర్ణరసాలకే లొంగని ఆ పెంకు తడిమట్టిలో, గాలి సోకని చోట, వందల ఏళ్లు నిలుస్తుంది. లోపలి జీవం ఎన్నడో పోయినా పెంకు ఆకారం చెడదు.

ఆకారాన్ని బట్టి జాతిని గుర్తుపడతారు. ఏలికపాము గుడ్డు చుట్టూ గరుకుగా, సీతాఫలం మీది బుడిపెల వలె ఉంటుంది. కొరడా పురుగు గుడ్డు రెండు కొసలా బిరడా పెట్టిన చిన్న పీపాలా ఉంటుంది. ఒకసారి చూసినవారు మళ్లీ పొరబడరు.

ఈ విద్యకు దారి చూపినవాడు మార్క్ ఆర్మాండ్ రఫర్ అనే వైద్యుడు. 1910లో ఆయన ఈజిప్టులోని మూడు వేల ఏళ్ల నాటి శవాల మూత్రపిండాలలో రక్తపు జలగ గుడ్లు కనుగొన్నాడు. 1991లో ఆల్ప్స్ కొండల మంచులో దొరికిన అయిదు వేల మూడు వందల ఏళ్ల నాటి మనిషి పేగులోనూ కొరడా పురుగు గుడ్లు బయటపడ్డాయి. కనుక ఈ పురుగులు రోమనులతో పుట్టినవి కావు. వారికి ఎంతో ముందే మనిషి కడుపులో కాపురం పెట్టాయి.

వెతికే పద్ధతి

మట్టి ఎక్కడిదో సరిగా తెలియనిదే ఈ పరీక్షకు విలువ లేదు. అందుచేత మరుగుదొడ్డి గుంట, మురుగుకాలువ అడుగు, పాత మలపాత్ర వంటి చోట్ల నుంచి నమూనాలు తీస్తారు. సమాధిలో అస్థిపంజరం దొరికితే, పేగులు ఉండిన కటి ఎముకల దగ్గరి మట్టి తీస్తారు. దానితోపాటు అదే అస్థిపంజరం తల దగ్గరా, పాదాల దగ్గరా కూడా కొంచెం మట్టి తీస్తారు. కటి దగ్గర గుడ్లు ఉండి, తల దగ్గర, పాదాల దగ్గర లేకపోతే అవి ఆ మనిషి కడుపులోనివే. మూడు చోట్లా ఉంటే తరువాతి కాలంలో నీటితోనో ఎరువుతోనో అక్కడికి చేరినవి కావచ్చు. మన సంఘంలో పాలను సరిగా కలపకుండా నమూనా తీస్తే వెన్న శాతం తప్పు వస్తుంది కదా! ఇక్కడా అంతే. పరీక్ష ఎంత గొప్పదైనా నమూనా తప్పయితే ఫలితం తప్పే.

తెచ్చిన మట్టిలో చిటికెడు తీసుకొని ట్రైసోడియం ఫాస్ఫేటు కలిపిన నీటిలో నానబెడతారు. పాల పాత్రలు కడిగే పొడులలోనూ వాడిన లవణమే ఇది. గడ్డ కట్టిన మట్టి విడిపోతుంది. దానిని అతి సన్నని జల్లెళ్లలో పోస్తారు. పెద్ద ఇసుక రేణువులు పై జల్లెడలో ఆగుతాయి. మిల్లీమీటరులో యాభయ్యో వంతు కన్నా చిన్న నలుసు కింది జల్లెడ గుండా జారిపోతుంది. మధ్య మిగిలినదానిలో గుడ్లు ఉంటాయి. దానిని గ్లిసరిన్‌తో కలిపి గాజుపలక మీద పరచి, నాలుగు వందల రెట్లు పెద్దదిగా చూపే మైక్రోస్కోపు కింద వరుసగా లెక్కపెడతారు.

జియార్డియా వంటి ఒంటికణపు జీవులు ఈ పద్ధతికి చిక్కవు. అవి మరీ చిన్నవి, పెంకు సున్నితం. వాటికి ఎలైజా పరీక్ష చేస్తారు. ఆ జీవికి చెందిన ప్రోటీను కొంచెం మిగిలి ఉన్నా పరీక్ష పలకలో రంగు మారుతుంది. ఈ రోజు ఆసుపత్రిలో రోగికి చేసే పరీక్షనే పాతకాలపు మట్టికి చేస్తున్నారన్నమాట.

విండోలాండా కోట

ఇంగ్లండు ఉత్తర భాగంలో, హేడ్రియన్ గోడకు కొంచెం దక్షిణంగా విండోలాండా అనే రోమను కోట ఉంది. అక్కడి నేల తడినేల. అందువల్ల వేరే చోట కుళ్లిపోయే తోలు చెప్పులు, కొయ్య సామాను అక్కడ నిలిచాయి. 1973లో సిరాతో రాసిన పలుచని చెక్క పలకలు బయటపడడం మొదలైంది. వాటిలో ఒకటి క్రీ.శ. మొదటి శతాబ్దం చివరినాటి సైనికుల హాజరు పట్టీ. దళంలో మొత్తం 752 మంది. కోటలో ఉన్నవారు 296 మంది. వారిలో పనికి రాలేనివారు 31 మంది: జబ్బుపడినవారు 15, గాయపడినవారు 6, కండ్ల మంట ఉన్నవారు 10. జబ్బు ఏమిటో పట్టీలో రాయలేదు.

ఆ కోటలోనే మూడవ శతాబ్దపు స్నానశాల ఒకటి ఉంది. దాని మరుగుదొడ్డి నుంచి బయలుదేరి ఉత్తరాన ఉన్న వాగులోకి పోయే కాలువ సుమారు తొమ్మిది మీటర్ల పొడవు ఉంది. శాస్త్రజ్ఞులు ఆ కాలువ పొడవునా 50 చోట్ల మట్టి తీసి పరీక్షించారు. 28 శాతం నమూనాలలో ఏలికపాము గుడ్లో, కొరడా పురుగు గుడ్లో కనిపించాయి. రెండూ ఉన్న ఒక నమూనాకు ఎలైజా పరీక్ష చేస్తే జియార్డియా జాడ దొరికింది. రోమనుల కాలపు బ్రిటనులో జియార్డియా ఉన్నట్టు తేలడం అదే మొదటిసారి. ఈ ఫలితాలు 2025 డిసెంబరులో ప్రకటితమయ్యాయి. అదే చోట మొదటి శతాబ్దంలో కట్టిన పాత కోట కందకం మట్టిలోనూ ఏలికపాము, కొరడా పురుగు గుడ్లు ఉన్నాయి. అనగా కోట మారినా, స్నానశాల వచ్చినా, పురుగులు మాత్రం పోలేదు.

ఈ మూడింటికీ ఒక పోలిక ఉంది. మూడూ మలం నుంచి నోటికి చేరేవే. చేతి మురికి, నీరు, కూడు వాటికి దారి. జియార్డియా వల్ల నీళ్ల విరేచనాలు వారాల తరబడి పట్టుకుంటాయి. పురుగులు ఎక్కువైతే తిన్న తిండి ఒంటబట్టక మనిషి నీరసిస్తాడు. ఆ సైనికులకు విరుగుడు మందు లేదు. కోట గోడ శత్రువును ఆపింది గాని, కడుపులోని శత్రువును ఆపలేదు.

మరి కొన్ని సాక్ష్యాలు

స్కాట్లండులోని బేర్స్‌డెన్‌లో రెండవ శతాబ్దపు రోమను కోట ఉంది. అక్కడి మరుగుదొడ్డి నీరు చేరిన కందకపు మట్టిని పరీక్షించి 1983లో ఫలితాలు ప్రకటించారు. ఏలికపాము, కొరడా పురుగు గుడ్లతోపాటు గోధుమ తవుడు దండిగా దొరికింది. జంతువుల కొవ్వు నుంచి వచ్చే కొలెస్టరాల్ చాలా తక్కువగా ఉంది. అక్కడి సైనికులు ఎక్కువగా ధాన్యం, మొక్కల ఆహారమే తిన్నారని దానివల్ల తేలింది. మురుగుమట్టి రోగాన్నే గాక తిండిని కూడా చెబుతుందనడానికి ఇదొక నిదర్శనం.

సిసిలీ దీవిలో గెరాచె అనే చోట రోమను భవంతిలో అయిదవ శతాబ్దపు మట్టిపాత్ర దొరికింది. ఇటువంటి పాత్రలను చూసి ధాన్యమో మరొకటో దాచుకునేవని అనుకునేవారు. దాని లోపలి గోడకు సున్నపు పొరలా గట్టిగా పేరుకున్నదానిని గీసి చూస్తే కొరడా పురుగు గుడ్లు బయటపడ్డాయి. అది మలపాత్ర అని 2022లో తేలిపోయింది. ఎన్నాళ్లో వాడిన కుండ ఎందుకు వాడారో ఒక గుడ్డు చెప్పింది!

నేటి టర్కీలోని సగలాసోస్ నగరంలో, రోమను స్నానశాల మరుగుదొడ్డి మట్టిలో ఏలికపాము గుడ్లు, జియార్డియా కనిపించాయి. అటు ఇంగ్లండు చలిలోనూ, ఇటు టర్కీ కొండల్లోనూ కథ ఒకటే.

పశువులకు సంబంధించిన సాక్ష్యం కూడా ఉంది. రోమనుల కాలపు మట్టిలో కార్జపు జలగల గుడ్లు, బద్దెపురుగు గుడ్లు అక్కడక్కడ దొరుకుతున్నాయి. కాని వీటిని చదివేటప్పుడు జాగ్రత్త కావాలి. జలగ పట్టిన పశువు కార్జాన్ని మనిషి తింటే, ఆ గుడ్లు జబ్బు చేయకుండానే మలంతో బయటికి పోతాయి. గుడ్డు మరుగుదొడ్డిలో కనిపించినంత మాత్రాన మనిషికి ఆ జబ్బు ఉందని చెప్పలేము.

ఎందుకు తగ్గలేదు?

కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి చెందిన పియర్స్ మిచెల్ రోమను సామ్రాజ్యమంతటా అప్పటివరకు దొరికిన ఇటువంటి సాక్ష్యాలను ఒకచోట చేర్చి 2016లో ప్రకటించాడు. రోమనులకు ముందున్న ఇనుప యుగంతో పోల్చి చూశాడు. మరుగుదొడ్లు, స్నానశాలలు వచ్చాక పురుగులు తగ్గుతాయని ఎవరైనా అనుకుంటారు. తగ్గకపోగా క్రమంగా పెరిగినట్టు కనిపించింది. పేలు, నల్లులు, గోమార్లు వంటి ఒంటిమీది పురుగులు కూడా, స్నానశాలలు అంతగా లేని తరువాతి కాలంలో ఎంత ఉన్నాయో అంతే ఉన్నాయి. దీనికి కారణాలు వెతకాలి.

మొదటిది ఎరువు. పట్టణంలోని మలాన్ని బండ్లకెత్తి ఊరి బయటికి తోలేవారు. క్రీస్తు పూర్వం మొదటి శతాబ్దపు రోము నగర చట్టం పగటివేళ వీధుల్లో బండ్లను నిషేధించినా, పెంట తోలే బండ్లకు మినహాయింపు ఇచ్చింది. ఆ పెంట పొలాలకు పోయేది. మొదటి శతాబ్దంలో వ్యవసాయం మీద పన్నెండు భాగాల గ్రంథం రాసిన కొలుమెల్లా, ఎరువులలో పక్షుల రెట్టకు మొదటి స్థానం, మనిషి మలానికి రెండవ స్థానం ఇచ్చాడు. పశువుల పెంట ఆ తరువాతే. ధాన్యపు పైరుకు ఏడాది మాగిన ఎరువు మంచిదనీ, దానిలో బలం ఉంటుందనీ, కలుపు మొలవదనీ, మరీ పాతబడితే బలం తగ్గుతుందనీ రాశాడు.

ఈ సలహా మన పెద్దలు చెప్పే మాటకు దగ్గరగానే ఉంది. కలుపు విత్తనం విషయంలో సరైనదే. కాని ఏలికపాము గుడ్డు సంగతి ఆయనకు తెలియదు. తడినేలలో, నీడలో ఆ గుడ్డు ఏళ్ల తరబడి బతుకుతుంది. బలం పోకముందే ఎరువు వేయాలన్నది పైరు లెక్క. గుడ్డు చచ్చేదాకా ఆగాలన్నది ఆరోగ్యం లెక్క. రోమను రైతుకు మొదటి లెక్కే తెలుసు. ఆ ఎరువు వేసిన మడిలోని కూర పట్టణానికి వచ్చేది. పట్టణం వీధిని శుభ్రం చేసి బయటికి పంపిన గుడ్డు కూరబుట్టలో తిరిగి ఇల్లు చేరేది.

రెండవది స్నానపు నీరు. స్నానశాల తొట్టిలో అనేకమంది దిగేవారు. అన్నిచోట్లా నీటిని తరచు మార్చేవారు కాదు. పైన నూనె, చెమట, మురికి తేలేవి. మార్కస్ ఆరేలియస్ చక్రవర్తి కూడా తన స్వంత రాతలలో స్నానపు నీటిలోని జిడ్డును, మురికిని అసహ్యంగా తలచుకున్నాడు.

మూడవది తిండి. రోమనులకు గారుమ్ అనే చేపల పులుసు అంటే ప్రీతి. పచ్చి చేప ముక్కలను ఉప్పు వేసి ఎండలో పులియబెట్టి చేసేవారు; ఉడికించేవారు కాదు. జాడీల్లో నింపి దేశదేశాలకు పంపేవారు. చేపల ద్వారా వచ్చే బద్దెపురుగు అంతకుముందు ఐరోపాలో ఫ్రాన్సు, జర్మనీలలోనే కనిపించింది. రోమనుల కాలంలో ఆరు దేశాలలో కనిపిస్తోంది. ఆ వ్యాప్తికి ఈ వ్యాపారమే కారణం కావచ్చునని మిచెల్ అభిప్రాయం.

నాలుగవది అసలు కారణం: పురుగు ఎక్కడి నుంచి వస్తుందో వారికి తెలియదు. ఆ కాలపు మహావైద్యుడు గేలెన్‌కు గుండ్రని పురుగు, బల్లపరుపు పురుగు, సన్నని పురుగు అని మూడు రకాలు తెలుసు. కాని అవి కడుపులో కుళ్లిన పదార్థం నుంచి వేడి వల్ల వాటంతటవే పుడతాయని ఆయన నమ్మాడు. గుడ్డు బయటి నుంచి నోట్లోకి వస్తుందని తెలియనప్పుడు, చేయి కడుక్కోమని, కూర కడగమని ఎవరు చెబుతారు?

రోమనుల మరుగుదొడ్డి వృథా అని మేము అనడం లేదు. వీధిలో దుర్వాసన తగ్గింది, రాకపోకలకు సుఖమైంది. కాని గుడ్డు చావలేదు. మురికి కంటికి కనబడకుండా పోవడం వేరు, మురికిలోని రోగం పోవడం వేరు.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. గుడ్డు దొరికితే పురుగు ఉన్నట్టే. దొరకకపోతే లేదని కాదు. మట్టిలో నశించి ఉండవచ్చు. ఊరుమ్మడి కాలువలో దొరికిన గుడ్లను బట్టి నూటికి ఎందరికి జబ్బు అని లెక్క కట్టడం కుదరదు. పేడ పరీక్షలో ఒకసారి గుడ్డు కనిపించకపోయినా డాక్టరుగారు మళ్లీ తెమ్మనడం ఇందుకే.

మన ఇంటికి, మన కొట్టానికి

రోమనులకు తెలియనిది మనకు తెలుసు. ఆ మాత్రానికే మనం గెలిచినట్టు కాదు; తెలిసినదానిని చేయాలి. మన దేశంలో 2015 నుంచి ఫిబ్రవరి 10వ తేదీని నులిపురుగుల నిర్మూలన దినంగా పాటిస్తూ, ఏడాది నుంచి పందొమ్మిదేళ్ల వరకు పిల్లలకు ఆల్బెండజోల్ మాత్ర ఇస్తున్నారు. రోమను తల్లికి దొరకని మందు మన బిడ్డకు బడిలో, అంగన్‌వాడీలో ఉచితంగా అందుతోంది. దానిని మింగించాలి. అయితే మందు కడుపులోని పురుగును చంపుతుంది. పెరటి మట్టిలోని గుడ్డును చంపదు.

ఇక్కడ ఒక అపోహ తీర్చుకోవాలి. మనిషి ఏలికపాము మనిషి మలం నుంచే వస్తుంది, పేడ నుంచి కాదు. గేదె దూడకు వచ్చే ఏలికపాము వేరే జాతి. అది ముర్రుపాలతో, పాలతో తల్లి నుంచి దూడకు చేరుతుంది. అందుకే పుట్టిన తొలి వారాలలోనే డాక్టరు చెప్పిన మోతాదులో దూడకు నట్టల మందు తాగించమంటారు. దారులు వేరైనా నియమం ఒకటే: గుడ్డు తిరిగి నోటికి చేరే దారి మూయాలి.

సభ్యులు గుర్తుంచుకోవలసినవి:

1. మరుగుదొడ్డి ఇంటివారందరూ, పిల్లలతో సహా, వాడాలి. జంట గుంటల దొడ్డిలో నిండిన గుంటను ఏడాదిన్నర, రెండేళ్లు మూసి ఉంచమనడం గుడ్లు చావడానికే. తొందరపడి తీసి మడికి వేయరాదు.

2. పశుగ్రాసపు చేనులో బహిర్భూమికి పోరాదు. మనిషి కడుపులోని బద్దెపురుగు గుడ్లు గడ్డితోపాటు పశువు కడుపులోకి పోయి కండలో చేరతాయి.

3. పేడను విడిగా పారవేయక గుంటలో పొరలుగా వేసి, మధ్యలో తిరగవేయాలి. ఎరువు లోపల 55 డిగ్రీలకు మించిన వేడి కొన్ని రోజులు నిలిస్తే నట్టల గుడ్లు చస్తాయి. అంచుల్లో ఉన్నదానికి ఆ వేడి తగలదు. అందుకే లోపలిది పైకి, పైది లోపలికి రావాలి.

4. పాలు పితకబోయే ముందు, అన్నం తినబోయే ముందు సబ్బుతో చేతులు కడగాలి. ఆకుకూరలు రెండు మూడు నీళ్లలో కడగాలి.

5. దూడకు గాని, పాడి పశువుకు గాని నలత కనిపిస్తే ఊహ మీద మందు పోయక పేడ పరీక్ష చేయించాలి.

సంఘ సమావేశంలో చర్చకు:

మన ఊరిలో ఏ ఎరువు ఎన్ని నెలలు మాగాక పొలానికి పోతోంది? ఈ సంవత్సరం ఎందరు సభ్యులు పేడ పరీక్ష చేయించారు? మన పాలకేంద్రం దగ్గర చేతులు కడుక్కోవడానికి నీరు, సబ్బు ఉన్నాయా?

మూడవ ప్రశ్నకు సమాధానం ఈ రోజే చూసుకోవచ్చు. రోమనులు రాతితో కట్టిన కాలువ పద్దెనిమిది వందల ఏళ్లు నిలిచింది. అందులోని గుడ్డు పెంకూ నిలిచింది. ఆ కాలువ కట్టినవారు చేయలేకపోయిన పనిని ఒక సబ్బుబిళ్ల, ఒక చెంబు నీళ్లతో మనం మొదలుపెట్టవచ్చు.